కార్డు ఖర్చు ఎవరి పద్దు

ఏ క్రెడిట్ కార్డు తీసుకుంటే మేలు అని అడిగే వీలు కార్డుతోపాటే పుట్టలేదు. 1958 సెప్టెంబరు 18న కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో సుమారు 60 వేల మందికి టపాలో ఒక కార్డు వచ్చిపడింది. కావాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు లేరు, పంపమంటారా అని అడిగినవాళ్లూ లేరు. పంపింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. ఆ ఊరి కుటుంబాల్లో నూటికి 45కి అప్పటికే ఆ బ్యాంకుతో ఏదో ఒక లావాదేవీ ఉండడంతో ప్రయోగానికి ఆ ఊరు అనువుగా కనిపించింది. కార్డున్న జనం లేకపోతే దుకాణదారు కార్డు తీసుకోడు, తీసుకునే దుకాణం లేకపోతే జనం కార్డు పెట్టుకోరు. ఈ చిక్కుముడిని విప్పే ఓపిక లేక బ్యాంకు ఏకంగా తెంచేసింది. రాత్రికి రాత్రి ఊరంతా కార్డుదారులైపోతే వ్యాపారులు కాదనలేరని దాని లెక్క. అంటే ఆ ఊళ్లో కార్డును ఎంచుకున్నవాడు ఒక్కడూ లేడు. ఎంపిక అన్నది తర్వాత, చట్టాల వల్ల, గొడవల వల్ల, కొన్ని చోట్ల కోర్టుల్లో ఓడిపోవడం వల్ల కూడా, మన చేతికి వచ్చింది. ఆ రాక ఎలా జరిగిందో తెలిస్తే కొత్త కార్డు ముందు కూర్చున్నవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న మారుతుందని నా వాదన. ఈ కార్డు నాకేమిస్తుంది అనేది రెండో ప్రశ్న. ఈ కార్డు నడవడానికయ్యే ఖర్చు ఎవరి పద్దులో పడుతోంది అనేది మొదటిది. ఎందుకంటే ఆ ఖర్చు ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. వెలుగు పడిన ప్రతిసారీ చీకటి మూలకు జరిగింది.

మొదట అది పడింది దుకాణదారు మీద. 1950లో న్యూయార్కులో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ మొదలుపెట్టిన డైనర్స్ క్లబ్‌లో వడ్డీ అన్న మాటే లేదు. నెల తిరిగేసరికి సభ్యుడు బిల్లు మొత్తం కట్టేయాలి. హోటల్‌వాడు మాత్రం బిల్లులో 7 శాతం క్లబ్బుకు వదులుకోవాలి. పర్సు మరిచిపోయి హోటల్లో ఇబ్బంది పడ్డ పెద్దమనిషికి ఈ ఆలోచన తట్టిందని చెప్పే కథ ప్రచారం కోసం అల్లింది. కథ ఎలా ఉన్నా లెక్క స్పష్టం: తిన్నవాడికి సౌకర్యం, పెట్టినవాడికి కోత. బ్యాంక్ ఆఫ్ అమెరికా దీనికి రెండో పద్దు చేర్చింది. బిల్లు మొత్తం కట్టకపోయినా ఫరవాలేదు, కొంత కట్టి మిగతాది వచ్చే నెలకు దొర్లించుకోవచ్చు, దానికి నెలకు ఒకటిన్నర శాతం, ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇవాళ్టి క్రెడిట్ కార్డుకు ప్రాణం ఆ దొర్లింపే. ఈ పథకాన్ని నడిపిన జోసెఫ్ విలియమ్స్ నూటికి నలుగురు గడువు తప్పుతారని అంచనా వేస్తే 22 మంది తప్పారు. పదిహేను నెలల్లో బ్యాంకు తానుగా ఒప్పుకున్న నష్టమే 88 లక్షల డాలర్లు. విలియమ్స్ పదవి వదిలి వెళ్లిపోయాడు. బ్యాంకు మాత్రం కార్డును వదల్లేదు. 1961 నాటికి లాభం కళ్లజూసింది. అప్పు తీర్చలేనివాళ్ల వల్ల వచ్చే నష్టాన్ని, ఆలస్యంగానైనా వడ్డీతో తీర్చేవాళ్ల వల్ల వచ్చే లాభం మించిపోతుందన్న సంగతి ఆ మూడేళ్లలో దానికి బోధపడింది.

ఫ్రెస్నో దారిలోనే మిగతా బ్యాంకులూ నడిచాయి. 1966, 67ల్లో షికాగో బ్యాంకులు పోటీలు పడి లక్షల కొద్దీ కార్డులు టపాలో కుమ్మరించాయి. పసిపిల్లల పేర వచ్చాయి, చనిపోయినవాళ్ల పేర వచ్చాయి, దారిలోనే దొంగల పాలయ్యాయి. తాను చూడని కార్డు మీద ఎవడో చేసిన ఖర్చుకు బిల్లు అందుకున్నవాళ్ల ఫిర్యాదులు చివరికి అమెరికన్ కాంగ్రెసు దాకా చేరాయి. 1968లో వచ్చిన చట్టం అప్పు ఖరీదును ఏడాది వడ్డీ రూపంలో చెప్పి తీరాలంది. 1970లో అడగని కార్డు పంపడమే నిషిద్ధమైంది. ఇక్కడ వరస గమనించాలి. చేతికి ముందు వచ్చింది వద్దనే హక్కు. ఏది మంచిదో పోల్చి చూసుకునే పని ఆ తర్వాతే మొదలైంది. ఇవాళ కార్డుల పోలికలు చేసేవాళ్లు రెండో దాంతో మొదలుపెట్టి, మొదటిది ఎప్పుడో తేలిపోయినట్టు మాట్లాడతారు.

పోలిక మొదలైతే ధర దిగాలి కదా. అక్కడే చరిత్ర ఎదురు తిరిగింది. డెబ్బయిల చివర అమెరికాలో ధరలు మండిపోతుంటే, బ్యాంకులు డిపాజిట్లకు ఇచ్చే వడ్డీ పెరుగుతుంటే, కార్డు వడ్డీకి చాలా రాష్ట్రాలు గీసిన గీత మాత్రం కదల్లేదు. 1978 డిసెంబరులో మార్కెట్ (Marquette) నేషనల్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: జాతీయ బ్యాంకు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు వడ్డీనే దేశమంతటా వసూలు చేసుకోవచ్చు. ఇక కావాల్సింది గీత లేని రాష్ట్రం. సౌత్ డకోటా 1980లో పరిమితి ఎత్తేసింది, మరుసటి ఏడాదే సిటీబ్యాంకు తన కార్డుల వ్యాపారాన్ని న్యూయార్కు నుంచి సూ ఫాల్స్‌కు తరలించింది. అదే కాలంలో కార్టర్ ప్రభుత్వం అప్పుల మీద పెట్టిన ఆంక్షల సాకుతో ఏడాది రుసుము అన్న మూడో పద్దు కూడా వచ్చి చేరింది. ఎనభైల్లో బ్యాంకులు డబ్బు తెచ్చుకునే ఖర్చు బాగా తగ్గింది. కార్డు ఇచ్చే బ్యాంకులు వేలల్లో ఉన్నాయి, పోటీకి కొదవ లేదు. అయినా కార్డు వడ్డీ 18 శాతం దగ్గరే దాదాపు కదలకుండా కూర్చుంది. లారెన్స్ ఆసుబెల్ అనే ఆర్థికవేత్త 1991లో దీని మీద రాసిన పరిశోధన ఇప్పటికీ చదవదగ్గది. కార్డు తీసుకునేటప్పుడు చాలామంది తాము అప్పు మిగల్చబోమని నమ్ముతారు కాబట్టి వడ్డీ చూడరు. తీరా చూస్తే మిగులుస్తారు. చూడని ధర మీద పోటీ ఎవడు చేస్తాడు? అని ఆయన వాదన సారం. పోటీ అంతా కనిపించే వాటి మీదికి మళ్లింది. 1986లో సియర్స్ సంస్థ డిస్కవర్ కార్డుతో ఖర్చులో కొంత వెనక్కి ఇస్తానంది. ఆ మరుసటి ఏడాది సిటీబ్యాంకు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి విమాన మైళ్ల కార్డు తెచ్చాయి. ఇవాళ మనం పాయింట్లని, లౌంజులని పోల్చుకుంటున్న ఆటస్థలం అప్పుడు చదును చేసిందే.

వెలుగు వేస్తే చాలు, అన్నీ ముందే చెప్పిస్తే జనమే చూసుకుంటారు అనేవాళ్లున్నారు. ఇది బరువైన వాదన. 1988లో అమెరికా అదే చేసింది. వడ్డీ, రుసుము వివరాలు దరఖాస్తులోనే ఒక పట్టికగా కనిపించాలని చట్టం తెచ్చింది. తొంభైల్లో ఏడాది రుసుము లేని కార్డులు విరివిగా వచ్చాయి, వడ్డీల్లోనూ కదలిక వచ్చింది. కాబట్టి పట్టిక వృథా పోయిందనలేం. కానీ అదే కాలంలో ఇంకొకటి జరిగింది. ఆలస్య రుసుము కూడా వడ్డీలాంటిదే, దానికీ బ్యాంకు ఉన్న రాష్ట్రపు నియమమే వర్తిస్తుందని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికన్ ప్రభుత్వ తనిఖీ కార్యాలయం 2006లో లెక్క తీస్తే, 1995లో సగటున 13 డాలర్లకు లోపున్న ఆలస్య రుసుము పదేళ్లలో 34 డాలర్లకు చేరింది. కార్డు తీసుకునేటప్పుడు తాను గడువు తప్పుతానని ఎవరూ అనుకోరు. సరిగ్గా అందుకే ఖర్చు అక్కడికి జరిగింది. పట్టికలో అంకె ఉంటే చాలదు, ఆ అంకె తనకు వర్తిస్తుందని చదివేవాడు నమ్మాలి. ఏ చట్టమూ ఆ నమ్మకాన్ని పుట్టించలేదు.

మన దేశానికి కార్డు 1961లో కాలీ మోదీ తెచ్చిన డైనర్స్ క్లబ్ రూపంలో వచ్చింది. చాలాకాలం అది పెద్ద హోటళ్లకు వెళ్లేవాళ్ల వస్తువే. బ్యాంకు కార్డులు ఎనభైల్లో మొదలయ్యాయి: 1980లో సెంట్రల్ బ్యాంకుది, 1981లో ఆంధ్రా బ్యాంకుది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, జాతీయమైన మరుసటి ఏడాదే ఈ పనికి పూనుకోవడం తెలుగువాళ్లకు పెద్దగా గుర్తులేని సంగతి. ముంబై, ఢిల్లీల బడా బ్యాంకులు చాలా వరకు ఇంకా ఆలోచిస్తున్న కాలం అది. ఇప్పుడా బ్యాంకు పేరే లేదు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తొలి కార్డులు కొద్దిమందికే, బ్యాంకు మేనేజరుకు తెలిసిన ఖాతాదారులకే దక్కేవి. అంటే అక్కడా ఎంచుకున్నది బ్యాంకే. తొంభైల్లో విదేశీ బ్యాంకులు, 1998లో స్టేట్ బ్యాంకు, జీఈ క్యాపిటల్ కలిసి పెట్టిన ఎస్‌బీఐ కార్డు, వాటి వెనకే ప్రైవేటు బ్యాంకులు వచ్చాక లెక్క తిరగబడింది. మాల్స్ ముందు బల్లలు, జీవితకాలం ఉచితం అనే ఫోన్లు, కార్డుకింత అని కమీషన్ తీసుకునే ఏజెంట్లు. ఫ్రెస్నోలో టపా చేసిన పని ఇక్కడ టెలిఫోను చేసింది. అడగని కార్డు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2005 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది కానీ ఉధృతి ఆగలేదు. 2008 మార్చి నాటికి దేశంలో కార్డులు సుమారు 2 కోట్ల 75 లక్షలు. ఆ తర్వాత మొండి బాకీల దెబ్బకు బ్యాంకులే వెనక్కి తగ్గాయి. 2012 మార్చికి మిగిలినవి కోటీ 76 లక్షలు. నాలుగేళ్లలో కోటి కార్డులు పోయాయి. తిరిగి లేచి పది కోట్లు దాటడానికి 2024 దాకా పట్టింది.

ఖర్చు ఎవరి పద్దు అనే ప్రశ్న మన దగ్గర ఇంకా సూటిగా అడగవచ్చు, ఎందుకంటే మనకు వడ్డీని కొలిచే సొంత కొలత ఒకటుంది. ఊళ్లో ప్రోనోటు రాసేవాడు ఏడాదికి ఎంత శాతం అని అడగడు. నూటికి ఎంత అని అడుగుతాడు. రూపాయి వడ్డీ ధర్మమని, రెండు రూపాయలు నడుస్తుందని, ఐదు రూపాయలైతే కొంప మునిగినట్టేనని చదువు లేనివాడికి కూడా ఒక అంచనా ఉంటుంది. చాలా కార్డుల మీద దొర్లించిన బాకీకి పడేది ఆ లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఏడాదికి 42 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. యాభై వేల బిల్లు వచ్చి, కనీస చెల్లింపు కింద 5 శాతం, అంటే 2,500 కట్టి ఊరుకున్నాడనుకుందాం. నెల వడ్డీ 1,750, దాని మీద పన్ను 315. కట్టినదాంట్లో అసలుకు జమపడేది 435 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. వడ్డీ వ్యాపారి గుమ్మంలో మూడున్నర అంటే లేచి వచ్చేసే మనిషి, అదే మూడున్నరకు మెరిసే కార్డు మీద సంతకం పెడుతున్నాడంటే తెలివితక్కువై కాదు. అక్కడ అతను అప్పు తీసుకోవడానికి వెళ్లాడు. ఇక్కడ విమానాశ్రయంలో కాఫీ కోసం వచ్చాడు.

ఈ వడ్డీకి హద్దు పెట్టే ప్రయత్నం జరగకపోలేదు. వడ్డీ అసలును మించకూడదన్న దామ్‌దుపట్ నియమం మన ధర్మశాస్త్రాల్లో పాతదే. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం దాన్ని కోస్తా, సీమ రైతులకు వరంగా మార్చింది. పాత అప్పుల్లో అసలుకు రెట్టింపు ముట్టజెప్పి ఉంటే ఆ బాకీ తీరిపోయినట్టే లెక్క. బ్యాంకుల విషయంలో మాత్రం దారి వేరైంది. 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో చేర్చిన 21ఎ సెక్షను ప్రకారం, వడ్డీ ఎక్కువన్న కారణంతో బ్యాంకు అప్పును కోర్టు తిరగదోడకూడదు. 2008 జులైలో జాతీయ వినియోగదారుల కమిషన్, కార్డు బాకీల మీద 36 నుంచి 49 శాతం దాకా లాగుతున్నారన్న ఫిర్యాదు విని, 30 శాతం దాటితే అది అనుచిత వ్యాపార పద్ధతి అంది. ఆ తీర్పు మీద స్టే వచ్చింది, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒప్పుకున్న షరతులను తిరగరాసే అధికారం కమిషన్‌కు లేదు, వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూసుకుంటుంది, కార్డుదారులు షరతులు తెలిసే తీసుకుంటారు అన్నది స్థూలంగా దాని దారి. న్యాయపరంగా ఆ తర్కాన్ని తప్పు పట్టడం కష్టం. కానీ దాని పర్యవసానం చూడండి. మీరు తెలిసి ఎంచుకున్నారు అని చట్టం ముందే అనుకుంటోంది. ఫ్రెస్నోలో లేని ఎంపిక ఇప్పుడు ఉండడమే కాదు, బాధ్యత మొత్తం దాని నెత్తినే ఉంది.

మరి నెలనెలా బిల్లు మొత్తం కట్టేవాడికి ఈ గొడవంతా దేనికి? అతనికి వడ్డీ లేదు, ఆలస్య రుసుము లేదు, పాయింట్లు మిగులు. మంచి పాయింట్లున్న కార్డు తీసుకుంటే పోలేదా? నిజమే, అలాంటివాడికి కార్డు లాభమే, దాన్ని కాదనడం మొండితనం. అయితే ఆ మిగులు ఆకాశం నుంచి పడలేదు. కొంత దొర్లించేవాళ్ల వడ్డీ నుంచి, కొంత దుకాణదారు కోత నుంచి వస్తోంది. దుకాణదారు ఆ కోతను ధరలో కలుపుకుంటే నగదు ఇచ్చేవాడూ మోస్తాడు. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వు పరిశోధకులు 2010లో వేసిన లెక్కలో, నగదు వాడే సగటు కుటుంబం కార్డు వాడేవాళ్ల కోసం ఏటా 149 డాలర్లు వదులుకుంటోంది, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు చేరుతున్నాయి. మన బంగారం దుకాణాల్లో, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో కార్డుకైతే రెండు శాతం అదనం అనేవాడు బ్యాంకు ఒప్పందాన్ని మీరుతున్నాడు కానీ, ఖర్చు ఎవరిదో దాచకుండా చెబుతున్నాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంఐటీలో ప్రెలెక్, సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఆట టికెట్ల వేలంలో కార్డుతో కట్టమన్నవాళ్లు నగదు కట్టాల్సినవాళ్ల కంటే చాలా ఎక్కువ, ఒక సందర్భంలో రెట్టింపు దాకా పాడారు. నూటికి ఒకటి వెనక్కి వస్తుందన్న ధీమాతో నూటికి పది ఎక్కువ ఖర్చు పెట్టేవాడు బిల్లు మొత్తం కట్టినా నష్టపోయినట్టే. అతని ఖర్చు ఏ పట్టికలోనూ కనబడదు.

దీనికి పూర్తిగా ఎదురైన వాదన, అప్పు చేసి పప్పుకూడు ఎందుకు, కార్డే వద్దు అనడం. ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ చరిత్ర తెలియని మాట. కార్డుకు ముందు అప్పు లేకుండా పోలేదు, ముఖం చూసి ఇచ్చే అప్పు ఉండేది. నేడు నగదు రేపు అరువు అని బోర్డు పెట్టిన కిరాణా కొట్లోనే కొందరికి ఖాతా నడిచేది, కొందరికి నడిచేది కాదు. ఎవరికి నడుస్తుందో చెప్పడానికి కులం, భూమి, మొగుడి ఉద్యోగం లెక్కలోకి వచ్చేవి. అమెరికాలో సైతం 1974లో సమాన రుణావకాశాల చట్టం వచ్చేదాకా, సంపాదించే పెళ్లయిన ఆడవాళ్లను భర్త సంతకం తెమ్మనడం మామూలు. ముఖం చూడని అప్పుకు ఆ మేరకు విలువ ఉంది. బ్యాంకు అప్పు ఎరగనివాడు ఇంటి రుణానికి వెళ్తే సిబిల్‌లో చరిత్ర లేదని తడబడే కాలమిది. అలాంటివాడికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒకటి, చిన్న పరిమితితో, చాలు.

కాబట్టి ఎంపిక మొదలవ్వాల్సింది కార్డు దగ్గర కాదు, గత పన్నెండు నెలల ఖాతా దగ్గర. ఏ నెలైనా బాకీ మిగిలే సూచన ఉంటే పాయింట్ల సంగతి మరిచిపోయి వడ్డీ ఒక్కటే చూడాలి. అసలు కార్డు కంటే బంగారం మీద బ్యాంకు అప్పు ఎన్నో రెట్లు చవక. మిగలదని ఖాతా చెబితే ఏడాది రుసుముకు సరిపడా లాభం మామూలు ఖర్చుల మీదే వస్తుందా అని చూడాలి. రుసుము మాఫీ కోసం ఖర్చు పెంచుకోవడం బ్యాంకు పన్నిన లెక్కలో పడడమే. లౌంజులు, పాయింట్ల విలువ బ్యాంకు ఎప్పుడైనా తగ్గించగలదు, తగ్గిస్తూనే ఉంది, వాటిని నమ్ముకుని ఐదేళ్ల నిర్ణయం తీసుకోకూడదు. దరఖాస్తుతోపాటు వడ్డీ, రుసుములు చూపే ఒక పేజీ వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. ఏజెంటు ఫోనులో చెప్పినదాన్ని పక్కనపెట్టి అదొక్కటి చదవడానికి పది నిమిషాలు పడుతుంది. 2024 సెప్టెంబరు నుంచి పెద్ద బ్యాంకులు కార్డు ఏ నెట్‌వర్కుదో ఎంచుకునే వీలూ ఇవ్వాలి. చిల్లర కొట్లో యూపీఐ స్కాన్ చేసి కార్డు మీద కట్టాలనుకునేవాళ్లకు రూపే అడిగి తీసుకోవడం ఉపయోగం. ఇక పాత కార్డు: దాన్ని మూసేయమని రాతపూర్వకంగా అడిగి, బాకీ లేకుండా చూసుకుంటే, ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే కార్డుదారుకు చెల్లించాలి. ఆలస్య రుసుము ఎదురు దిశలో నడిచే నియమం కార్డు చరిత్రలో అరుదు. చాలామంది దాన్ని వాడుకోకుండా సొరుగులో మూడు కార్డులు పడేసి నాలుగోదానికి దరఖాస్తు పెడుతున్నారు.